ఒక ప్రకటన బొమ్మలోని సంకేతాలను చదవడం ఎలా?

పత్రికా ప్రకటన, వార్తా ఫొటో, సినిమా పోస్టర్: ఏదో ఒకటి ముందు పెట్టుకోండి. మొదటిసారికి కదలని బొమ్మే మేలు. వీడియోలో సంగీతం, ఎడిటింగ్ కూడా కలిసి మన మీద పనిచేస్తుంటాయి, విడదీయడం కష్టం.

ముందు కంటికి కనిపించేది మాత్రమే కాగితం మీద రాయండి. డాక్టర్ ఉన్న ప్రకటన అనుకుందాం. "నమ్మదగిన డాక్టర్" అని రాయొద్దు. "నడివయసు మనిషి, తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు, నేరుగా కెమెరాలోకి చూపు" అని రాయండి. చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. అది పెద్ద నష్టం. చూసింది ఏది, మనం అనుకున్నది ఏది అన్నది తేలేది ఇక్కడే. భాషావేత్త ఫెర్డినాండ్ ద సొసూర్ సంకేతాన్ని సూచకం (మనకు అందే రూపం), సూచితం (అది తలపించే అర్థం) అని రెండు భాగాలుగా చూశారు. ఈ బొమ్మకు ఆ మాటలు వాడుకుంటే, కోటు సూచకం, నమ్మకం సూచితం. ఆ రెంటినీ ముడివేసింది బట్ట కాదు, సమాజం.

తర్వాత ఒక్కో వస్తువూ అర్థాన్ని ఏ దారిలో ఇస్తోందో గుర్తించండి. అమెరికా తత్వవేత్త చార్లెస్ పర్స్ చెప్పిన మూడు దారులు సరిపోతాయి: పోలిక (బొమ్మ), జాడ (నిప్పుకు పొగ), ఒప్పందం (ట్రాఫిక్ ఎర్రలైటు). ఫొటోలో పోలికా ఉంది, జాడా ఉంది. కెమెరా ముందు ఏదో నిజంగా ఉండే ఉంటుందని మనకు అనిపిస్తుంది. ఫొటోను అంత తేలిగ్గా నమ్మేది అందుకే.

ఇక నా దృష్టిలో అన్నిటికన్నా పదునైన పరీక్ష, మార్చి చూడటం. మిగతాదంతా అలాగే ఉంచి ఒక్కటే మార్చండి. తెల్లకోటు తీసి ఖాకీ చొక్కా వేయండి. కెమెరాను కింద నుంచి కాక పైనుంచి పెట్టినట్టు ఊహించండి. మనిషి చిన్నగా, బలహీనంగా కనిపిస్తే ఆ అర్థం మోస్తున్నది కెమెరా కోణమే. ఒక వస్తువును మార్చినా తేడా రాకపోతే దాన్ని పక్కన పెట్టేయండి. చూసే సమాజాన్నీ మార్చండి. అమెరికా స్టాక్ మార్కెట్ తెరపై ఎరుపంటే ధర పడిందని, చైనాలో పెరిగిందని. రంగు అదే, ఒప్పందం వేరు.

ఇప్పుడు అక్షరాలను చేత్తో మూసి చూడండి. కంచె వెనక నిలబడ్డ పిల్లవాడి ఫొటో అనుకుందాం. కింద "ఆట మొదలయ్యేదాకా" అని ఉంటే ఎదురుచూపు, "సరిహద్దు శిబిరంలో" అని ఉంటే నిర్బంధం. బొమ్మకున్న అనేక అర్థాల్లో ఒకదానికి మనల్ని కట్టేసే ఈ పనిని ఫ్రెంచ్ విమర్శకుడు రోలాఁ బార్త్ 1964లో లంగరు వేయడంగా వర్ణించారు. మీరే రెండు వ్యాఖ్యలు రాసి చూడండి, ఎంత బలమో తెలుస్తుంది.

బొమ్మలో ఎవరు లేరో కూడా ఒక వరుస రాసుకోండి.

చివరగా అదే బొమ్మను మరొకరికి ఇవ్వండి. పంపినవాళ్లు కోరిన అర్థాన్నే అందరూ తీసుకోరనీ, కొందరు సగం ఒప్పుకుంటారనీ, కొందరు ఎదురుతిరిగి చదువుతారనీ సంస్కృతి, మాధ్యమాల పరిశోధకుడు స్టువర్ట్ హాల్ 1973లో వివరించారు. మీ ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టండి. ఎక్కడ విడిపోయారో ఆ వస్తువు మీద మార్చి చూసే పరీక్ష మళ్లీ చేయండి.