అసెంబుల్ చేసిన గేమింగ్ పీసీ సతాయిస్తోందా? సమస్య, కారణం, పరిష్కారం

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ పార్టులు అమ్మే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను ఎవరూ పూర్తి పేరుతో పిలవరు, సీటీసీ అంటే చాలు. అక్కడ చీటీ మీద కొటేషన్ రాయించుకుని, నాలుగు కొట్లు తిరిగి, ఐదొందలు తగ్గించుకుని, డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఇంటికొచ్చిన పిల్లల సిస్టమ్‌లు మా బంధువుల్లో, కాలనీలో కొన్నేళ్ళుగా నా చేతికి వస్తున్నాయి. వాటిలో నిజంగా చెడిపోయిన పార్టు దొరకడం అరుదు. ఏ పార్టుకా పార్టు బాగానే ఉంటుంది, పక్కదానితో పొసగదు. అందుకే ఒక్కో సమస్యకు ఇప్పుడు ఏం చేయాలో చెబుతూనే, కొనే రోజు ఏం చూసుకుంటే ఆ సమస్య రాదో కూడా రాస్తున్నాను. ఇంకా కొననివాళ్ళకు పనికొచ్చేది ఆ రెండో ముక్కే.

గేమ్ మొదలైన కాసేపటికి సిస్టమ్ ఠప్పున ఆగిపోతోంది

మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, సినిమా చూస్తే ఏం కాదు, బ్రౌజర్‌లో ఏం కాదు. గేమ్‌లోకి వెళ్ళి పది నిమిషాలు కాగానే కరెంటు పోయినట్టు ఆగిపోతుంది." మల్కాజ్‌గిరిలో వాళ్ళింటికి వెళ్ళి క్యాబినెట్ పక్క పలక తీశాను. రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్ కార్డు, 16 జీబీ ర్యామ్. వాడు పెట్టిన డబ్బుకు చక్కటి జోడీ. గోడ కరెంటును పార్టులకు పంచే డబ్బా, అంటే ఎస్ఎంపీఎస్ ఒక్కటే క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చింది. దాని స్టిక్కర్ మీద పెద్ద అంకెల్లో 500. కింద చిన్న గళ్ళలో, +12 వోల్టుల ఎదురుగా 17 ఆంపియర్లు.

ఆ చిన్న గడిలోనే ఉంది అసలు సంగతి. 12ను 17తో గుణిస్తే 204 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్ కార్డు రెండూ కరెంటు తీసుకునేది ప్రధానంగా ఈ 12 వోల్టుల లైను నుంచే. ఆ కార్డు 132 వాట్ల దాకా, ఆ ప్రాసెసర్ నిండా లోడు మీద 76 వాట్ల దాకా లాగుతాయి. రెండూ కలిపి 208. ఫ్యాన్లు, మదర్‌బోర్డు, ఎస్ఎస్‌డీ ఇంకా లెక్కలోకి రాలేదు. కార్డులు రెప్పపాటు సేపు తమ హద్దు దాటి లాగుతుంటాయి, అదీ రాలేదు. 500లో మిగతాదంతా 5, 3.3 వోల్టుల లైన్ల కింద కూడి చూపించిన అంకె. ఇప్పటి సిస్టమ్‌లకు ఆ లైన్లతో అంత పని లేదు.

కొత్త ఎస్ఎంపీఎస్ కొనే ముందు అనుమానం నిజమో కాదో తేల్చుకోండి. గేమ్ సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ రేటును (సెకనుకు చూపించే బొమ్మల సంఖ్యను) 60కి కట్టేసి, గ్రాఫిక్స్ తగ్గించి అరగంట ఆడండి. అప్పుడు ఆగకుండా, లిమిట్ తీసేయగానే ఆగిపోతే వేలు ఎస్ఎంపీఎస్ వైపే చూపిస్తోంది. ఆగే ముందు టెంపరేచర్లు మామూలుగానే ఉన్నాయో లేదో కూడా చూడండి. విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించే 'కెర్నల్ పవర్ 41' చూసి కంగారు పడొద్దు. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని చెప్పడం వరకే దాని పని, ఎందుకు ఆగిందో అది చెప్పదు.

పరిష్కారం: పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే) గుర్తున్నది, 550 వాట్లది. కౌంటర్ దగ్గరే డబ్బా తిప్పి 12 వోల్టుల గడి చదవండి. మంచి దాంట్లో ఆ ఒక్క లైనే మొత్తం వాట్లకు దగ్గరగా ఇస్తుంది. కార్డుకు కావాల్సిన 8 పిన్నుల వైరు ఎస్ఎంపీఎస్ నుంచే రావాలి. మోలెక్స్ (పాత తరహా 4 పిన్నుల ప్లగ్గు) నుంచి 8 పిన్నులకు మార్చే కన్వర్టర్ వైరు ఇచ్చి 'నడుస్తుంది' అంటే తీసుకోకండి, ఆ సన్నటి వైర్లు వేడెక్కి కరిగే ప్రమాదం ఉంది. బడ్జెట్ సరిపోకపోతే ప్రాసెసర్‌ను ఐ3-12100ఎఫ్‌కు దించండి, ఎస్ఎంపీఎస్‌ను మాత్రం దించకండి. మిగతా పార్టులన్నిటి ప్రాణం దాని చేతిలో ఉంది.

క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోంది

దీన్ని చాలా ఇళ్ళలో 'కొంచెం షాక్ వస్తుంది, చెప్పులేసుకుని ఆడు' అని వదిలేస్తారు. వదిలేయకండి. ఎస్ఎంపీఎస్ లోపల ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి, చిన్న కెపాసిటర్లు లోహపు బాడీకి కలిపి ఉంటాయి. వాటి గుండా కారే కొద్దిపాటి కరెంటు ఎర్త్ వైరు ద్వారా భూమిలోకి పోవాలి. గోడలో ఎర్త్ లేకపోతే అది క్యాబినెట్ మీదే నిలిచి, బాడీకి మన 230 వోల్టులలో దాదాపు సగం చేరుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. అయితే ఎర్త్ లేదన్న సంగతి తెలిసిపోయింది కదా. రేపు నిజంగా లోపల ఫేజు వైరు బాడీకి తగిలితే కాపాడేది ఏదీ లేదు.

టెస్టర్‌ను క్యాబినెట్ స్క్రూకు ఆనిస్తే బల్బు వెలుగుతుంది. పాత అపార్ట్‌మెంట్లలో సాకెట్టుకు పైన మూడో రంధ్రం ఉంటుంది, వెనక వైరు ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ఇంటి మెయిన్ బోర్డు నుంచి ఆ సాకెట్టుకు ఎర్త్ వైరు లాగించండి. ఒక్క విషయంలో గట్టిగా ఉండండి: సాకెట్టు వెనక న్యూట్రల్‌ను, ఎర్త్‌ను చిన్న ముక్కతో కలిపేసి 'అయిపోయింది సార్' అనేవాళ్ళున్నారు. జివ్వుమనడం ఆగుతుంది, నిజమే. కానీ ఎక్కడైనా న్యూట్రల్ ఊడిన రోజున పూర్తి 230 వోల్టులు క్యాబినెట్ మీదికి వస్తాయి. పిల్లలు తిరిగే ఇంట్లో ఆ పని చేయనివ్వకండి.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, డిస్‌ప్లే లేదు

ముందు మానిటర్ వైరు ఎక్కడ పెట్టారో చూడండి. రైజెన్ 5 5600లో, ఇంటెల్ పేర్ల చివర ఎఫ్ అక్షరం ఉన్న ప్రాసెసర్లలో లోపల గ్రాఫిక్స్ ఉండవు. బోర్డు మీది హెచ్‌డీఎంఐలో వైరు పెడితే ఎంతసేపు చూసినా తెర నల్లగానే ఉంటుంది. కిందనున్న కార్డులో పెట్టాలి.

అది కాకపోతే ర్యామ్. రెండు చివర్లూ టిక్కుమనేదాకా నొక్కాలి, కొత్తగా బిల్డ్ చేసేవాళ్ళు భయపడి సగమే నొక్కుతారు. తర్వాత బోర్డు పైమూలలో ప్రాసెసర్‌కు వెళ్ళే 8 పిన్నుల పవర్ వైరు. క్యాబినెట్ బిగించాక అది చేతికి అందదు, అందుకే మర్చిపోతారు.

అన్నీ సరిగ్గా ఉండి కూడా రాకపోతే బయోస్‌ను, అంటే ఆన్ చేయగానే మొదట నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్‌ను అనుమానించాలి. బీ450 బోర్డులు వచ్చిన నాటికి రైజెన్ 5000 వరస ఇంకా లేదు. చాన్నాళ్ళు అరలో ఉండిపోయిన బోర్డులో పాత బయోస్ ఉంటే కొత్త ప్రాసెసర్‌ను అది గుర్తుపట్టదు. ఇంటెల్ హెచ్610 బోర్డుల్లో 13, 14వ తరం ప్రాసెసర్లతోనూ ఇదే తంటా. బోర్డు వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే పెన్‌డ్రైవ్‌తో ఇంట్లోనే అప్‌డేట్ చేయొచ్చు. లేకపోతే కొన్నచోటికే తీసుకెళ్ళాలి. ఈ తిరుగుడు తప్పాలంటే కొన్న రోజే, కొట్టులోనే ప్రాసెసర్, ర్యామ్ పెట్టించి బయోస్ తెర మీద మీ ప్రాసెసర్ పేరు కళ్ళారా చూసి డబ్బు కట్టండి.

గేమ్ సాఫీగా లేదు, మధ్యమధ్యలో ఆగి ఆగి నడుస్తోంది

టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కండి. రెండు అంకెలు చూడాలి: స్పీడు, ఎన్ని స్లాట్లు వాడారు.

3200 అని కొన్న డీడీఆర్4 ర్యామ్ 2133 లేదా 2666 చూపిస్తుంటే బయోస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను దాని అసలు స్పీడులో నడిపే సెట్టింగ్) ఆన్ చేయలేదన్నమాట. రెండు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్కులను పక్కపక్కన పెడితే డ్యూయల్ చానెల్ (రెండు స్టిక్కులూ ఒకేసారి పనిచేయడం) రాదు. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి.

ఒక్కటే 16 జీబీ స్టిక్ ఉంటే? 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి 'ఇప్పుడు ఒకటి, తర్వాత ఒకటి' అనుకోవడం అర్థం చేసుకోగలను. విడిగా గ్రాఫిక్ కార్డు ఉంటే దాంతో కొన్నాళ్ళు సర్దుకోవచ్చు. కార్డు లేకుండా రైజెన్ 5 5600జీ మీద ఆడేవాళ్ళు మాత్రం అలా చేయొద్దు. అందులోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, మీ ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒక్క స్టిక్ పెడితే దారి సగానికి మూసేసినట్టే. 16 ఒకటి కంటే 8 రెండు తీసుకోండి.

"4 జీబీ గ్రాఫిక్ కార్డు" కొన్నా గేమ్ నడవట్లేదు

ఇది నన్ను ఎక్కువ బాధపెట్టే సమస్య, ఎందుకంటే దీనికి సెట్టింగ్ లేదు. కార్డు మార్చాల్సిందే. జీటీ 730లో 4 జీబీ మెమరీ ఉన్నది దొరుకుతుంది. గేమ్‌కు కావాల్సింది చిప్పు బలం. గిన్నె పెద్దదైనంత మాత్రాన అన్నం ఉడకదు, కింద మంట ఉండాలి.

పేరు ఒకటే, సరుకు వేరు అన్న చోటా జాగ్రత్త. ఆర్‌టీఎక్స్ 3050లో 8 జీబీది, 6 జీబీది రెండున్నాయి. తేడా మెమరీలోనే కాదు. 8 జీబీదాంట్లో 2560 కోర్లుంటే 6 జీబీదాంట్లో 2304, మెమరీ దారి కూడా 128 బిట్లకు బదులు 96. అయితే 6 జీబీది 70 వాట్లే తింటుంది, చాలా మోడళ్ళకు విడిగా పవర్ వైరే అక్కర్లేదు. ఆఫీసుల నుంచి వచ్చిన పాత బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లో ఎస్ఎంపీఎస్ మార్చడం కుదరనివాళ్ళకు అది సరైన కార్డే. కొత్త బిల్డ్‌లో పెట్టడానికి మాత్రం నేను ఒప్పుకోను.

ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డుకు పీసీఐఈ లేన్లు (కార్డుకూ ప్రాసెసర్‌కూ మధ్య దారులు) నాలుగే. పీసీఐఈ 4.0 వెర్షన్ ఉన్న చోట ఎలాగో నెట్టుకొస్తుంది, 3.0 బోర్డులో 4 జీబీ నిండగానే తడబడుతుంది. 5600జీ ప్రాసెసర్‌ది పీసీఐఈ 3.0. 'ముందు 5600జీ కొని, తర్వాత చిన్న కార్డు వేసుకుంటా' అనుకునేవాళ్ళు ఈ రెండింటినీ కలిపితే రెండు వైపులా నష్టపోతారు. కార్డు కొనే ఉద్దేశం ఉంటే మొదటి రోజే 5600 తీసుకోండి, దాంట్లో 4.0 ఉంది, క్యాషే (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) కూడా రెట్టింపు.

"ఐ7, 16 జీబీ, చవక" అని తెచ్చారు, గేమే ఇన్‌స్టాల్ కావట్లేదు

ఐ7 తర్వాతి అంకె చూడండి. 3770 అంటే మూడో తరం, 8700 అంటే ఎనిమిదో తరం. ఎనిమిదో తరం కంటే ముందున్నవాటిని దాదాపుగా విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 మీద వాలొరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ ఉండాలి. బోర్డు కొత్తదే అయితే ఈ రెండూ బయోస్‌లో ఆన్ చేస్తే సరిపోతుంది. పాత తరం బోర్డులో అసలు టీపీఎం 2.0 లేకపోతే చేయగలిగింది లేదు. 12వ తరం ఐ3 ముందు మూడో తరం ఐ7 నిలవదు, పేరు చూసి మోసపోకండి.

రాత్రి బాగుంటుంది, మధ్యాహ్నం ఫ్రేములు పడిపోతాయి

మే నెలలో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. డాబా స్లాబు కింద గది అయితే సాయంత్రానికి గోడలే వేడి కక్కుతాయి. రైజెన్ 5 5600 తొంభై డిగ్రీల దగ్గర, ఐ5-12400ఎఫ్ వంద దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి.

పక్క పలక తీసి అదే గేమ్ ఆడి చూడండి. వేడి ఎనిమిది, పది డిగ్రీలు తగ్గితే తప్పు క్యాబినెట్‌ది. ముందు వైపు నిండా అద్దం, లోపల రంగు లైట్ల ఫ్యాన్లు మూడు, గాలి వచ్చే సందు మాత్రం వేలెడు. అలాంటివి అందంగా ఉంటాయి, మన ఊరి ఎండకు పనికిరావు. ముందు జాలీ ఉన్నది తీసుకోండి, ముందు ఫ్యాన్లు లోపలికి, వెనకది బయటికి తోసేలా బిగించండి. పలక తీసినా తగ్గకపోతే కూలర్ విప్పండి. అడుగున 'ఇన్‌స్టాల్ చేసే ముందు తీసేయండి' అన్న పారదర్శక ప్లాస్టిక్ పొర అలాగే ఉండిపోయి, దాని మీదే వేడిని కూలర్‌కు చేర్చే పేస్టు రాసిన సిస్టమ్ నేను విప్పాను. ఇంటెల్ కూలర్ నాలుగు పిన్నుల్లో ఒకటి పైకి లేచి ఉండడం కూడా మామూలే. దుమ్ము బ్లోయర్‌తో కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, గాలికి అతివేగంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

కరెంటు పోగానే యూపీఎస్ కూడా పోతోంది

యూపీఎస్ మీద 600 వీఏ అని రాసి ఉన్నా, చాలా వాటిలో అది 360 వాట్లే. గేమ్ నడుస్తుండగా సిస్టమ్, మానిటర్ కలిసి మూడొందల దగ్గర లాగుతుంటే, రెండేళ్ళు వాడిన బ్యాటరీ ఆ బరువును మోయలేదు. బ్యాటరీ మార్చి చూడండి. కొత్తగా కొనేవాళ్ళు 1000 వీఏ పైన చూడండి. గేమ్ కొనసాగించడానికి కాదు, సేవ్ చేసి షట్‌డౌన్ చేయడానికే.

144 హెర్ట్జ్ మానిటర్ కొన్నా తేడా లేదు

విండోస్ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఇంకా 60 మీదే ఉంటుంది. మార్చండి. అక్కడ 144 కనిపించకపోతే డిస్‌ప్లేపోర్ట్ వైరు వాడండి.

పార్టు పోయింది, వారంటీ ఇవ్వట్లేదు

జీఎస్టీ బిల్లు వద్దంటే తగ్గిస్తామన్న మాటకు తలూపితే తర్వాత కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చూపించడానికి ఏమీ ఉండదు. డబ్బా లేకుండా వచ్చే ట్రే ప్రాసెసర్‌కు కంపెనీ నేరుగా వారంటీ ఇవ్వదు, డబ్బాతో వచ్చినదానికి మూడేళ్ళు ఇస్తుంది. ధరలో తేడా ఎందుకో అడిగి తెలుసుకోండి. బిల్లు మీద ప్రతి పార్టు సీరియల్ నంబరు రాయించి, పార్టు మీదున్న నంబరుతో కౌంటర్ దగ్గరే పోల్చుకోండి. థర్మల్ కాగితం బిల్లు ఏడాది తిరిగేసరికి తెల్లబడిపోతుంది, మెట్రో ఎక్కేలోపే ఫోటో తీసి మీ మెయిల్‌కు పంపుకోండి.