దత్తతకు ముందు ఇంటి పరిశీలన: చెన్నైలోని తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఎలా సిద్ధపడాలి?

తెలిసిన పాస్టరుగారు ఊళ్లో అనాథాశ్రమం నడుపుతున్నారని, అక్కడి నుంచి నేరుగా బిడ్డను తెచ్చుకోవచ్చని ఎవరైనా చెబితే ఆ దారి పట్టకండి. అది నేరం. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 1956 నాటి హిందూ దత్తత చట్టం క్రైస్తవులమైన మనకు వర్తించదు. ఒకప్పుడు మనం 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకులం మాత్రమే కాగలిగేవాళ్లం. ఇప్పుడు 2015 బాల న్యాయ చట్టం ప్రకారం దత్తత తీసుకుంటే బిడ్డకు కన్నబిడ్డ హక్కులన్నీ వస్తాయి. కాబట్టి దత్తతలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ‘కారా’ ద్వారానే వెళ్లాలి.

మొదటి మెట్టు కారా వెబ్‌సైట్‌లో నమోదు. పాన్ కార్డు, పెళ్లి ధ్రువపత్రం, ఆదాయ పత్రం, డాక్టరు సర్టిఫికెట్, ఫొటో, రెండు సిఫారసు లేఖలు దగ్గర పెట్టుకుంటే ఒక సాయంత్రం పని. పెళ్లయి రెండేళ్లు నిండాలి. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే దంపతుల వయసు కలిపి 85 దాటకూడదు. సిఫారసు లేఖలు రెండూ సంఘ పెద్దలవి పెట్టకండి. ఒకటి పక్కింటివాళ్లది ఉంటే మంచిది.

రెండో మెట్టు ఇంటి పరిశీలన. ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే.

సామాజిక కార్యకర్త మీ ఇంటికి వచ్చి అడిగే అసలు ప్రశ్న ఒక్కటే: బిడ్డ ఎందుకు కావాలి? మనవాళ్లు వెంటనే సేవ, పిలుపు, భారం అంటూ సాక్ష్యం మొదలుపెడతారు. దయచేసి అలా చెప్పకండి. తమిళనాడులోని దోనావూరులో మిషనరీ ఎమీ కార్మైకేల్ చేసిన పనిని ఉదాహరణగా చూపిస్తారు. ఆమె అంటే నాకూ ఎంతో గౌరవం. కానీ ఆమె ఎందరో పిల్లల కోసం ఒక ఆశ్రయాన్ని నడిపారు. మీరు ఒక బిడ్డకు అమ్మానాన్నలు కాబోతున్నారు. విదేశీ సువార్త పనికి ఇచ్చే కానుకకు రసీదు వస్తుంది, ఉత్తరం వస్తుంది, కృతజ్ఞత వస్తుంది. బిడ్డ నుంచి అవేవీ ఆశించకూడదు. “మాకు పిల్లలంటే ఇష్టం, ఒక బిడ్డను పెంచుకోవాలని ఉంది” అని చెప్పండి. అది నిజం కాకపోతే నమోదు ఆపేయండి.

కానుకల లెక్క దాచకండి. ఫ్రిజ్ మీద మీరు ఆదుకునే మిషనరీ కుటుంబం ఫొటో ఉంటుంది, దాని కింద నెలవారీ కవరు ఉంటుంది. వచ్చినవారు చూస్తారు, అడుగుతారు. దశమభాగం ఎంత, మిషన్‌కు ఎంత, ఇంటి అద్దె ఎంత అని ఒకే కాగితం మీద రాసి చూపండి. బిడ్డ వచ్చాక డబ్బు చాలకపోతే ఏ ఖర్చు తగ్గిస్తారో భార్యాభర్తలు ముందే మాట్లాడుకోవాలి. నా దృష్టిలో మొదట తగ్గించాల్సింది మిషన్ కానుకే. దీనికి నొచ్చుకునేవారు ఉంటారని తెలుసు. అయినా బిడ్డ ఫీజు ఆపి పంపిన కానుకను నేను సమర్థించలేను.

పెరంబూరు, అయనావరం వైపు ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. అత్తగారికి తెలుగు తప్ప రాదు, వచ్చినవారు తమిళంలో అడుగుతారు. ఆమె “ఎవరి బిడ్డో ఏమో” అంటే కొడుకు “అమ్మకు చాలా సంతోషం” అని తమిళంలో చెప్పేస్తాడు. ఆ అబద్ధం భారం రేపు మోసేది బిడ్డ. అనువాదం భార్యాభర్తలు చేయకూడదు. రెండు భాషలూ వచ్చిన పొరుగువారిని కూర్చోబెట్టండి. పెద్దావిడ సందేహాన్ని ఆమె మాటల్లోనే చెప్పనివ్వండి. సందేహం ఉన్న ఇల్లు అనర్హమైన ఇల్లు కాదు. ఆమెతో మాట్లాడటానికి ఇంకా సమయం ఉంటుంది. ఇంటి పరిశీలన నివేదిక మూడేళ్లు చెల్లుతుంది.

మిగిలినవి తేలిక. బిడ్డ వివరాలు వచ్చాక 48 గంటల్లో నిర్ణయం చెప్పాలి. వైద్య నివేదికను పిల్లల డాక్టరుకు చూపించండి. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు. బిడ్డ మీ ఇంటికి వచ్చినప్పటి నుంచి రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి వచ్చి చూస్తారు. ఈలోగా మీరే మిషన్ పని మీద విదేశం వెళ్లాలనుకుంటే, టికెట్లు కొనకముందే దత్తత సంస్థకు, జిల్లా బాలల సంరక్షణ విభాగానికి రాతపూర్వకంగా తెలియజేయండి.