వార్మప్ బాగానే జరుగుతుంది, పాఠమే మొదలవదు: ఎందుకు, ఏం చేయాలి?

మూడు, నాలుగు తరగతులకు చెప్పే టీచర్లకు ఈ ఇబ్బంది బాగా తెలుసు. పాఠానికి ముందు వార్మప్‌గా ఆట అనగానే క్లాసంతా హుషారుగా లేస్తుంది. పుస్తకం తీయమనగానే చేయిజారిపోతుంది. పిల్లల మీద గొంతు పెంచితే అలసట తప్ప ఏమీ మిగలదు. లోపం చాలావరకు ఆటకీ పాఠానికీ మధ్య ఉన్న ఆ ఒకటి రెండు నిమిషాల్లోనే ఉంటుంది.

సమస్య: ఆట ఆపినా గోల ఆగదు. "టీచర్, ఇంకోసారి!"

కారణం: ఎన్నిసార్లో ముందే చెప్పలేదు. పైగా అందరూ నిలబడి మంచి ఊపు మీద ఉండగా ఆపేశారు.

పరిష్కారం: "మూడుసార్లే" అని మొదట్లోనే చెప్పి, ఆ మాట మీదే ఉండండి. అభినయ గేయమైతే చివరిసారి కూర్చోబెట్టి, గొంతు తగ్గించి నెమ్మదిగా పాడించండి.

సమస్య: బుద్ధిగా కూర్చుంటారు, మనసు మాత్రం పాఠంలో ఉండదు.

కారణం: ఆటకీ పాఠానికీ సంబంధం లేదు. నా దృష్టిలో అసలు చిక్కు ఇదే.

పరిష్కారం: ఆటలోంచే మొదటి ప్రశ్న పుట్టాలి. గుణకారం మొదలుపెట్టే రోజు పిల్లలతో ఒకటి నుంచి అంకెలు చెప్పించి, ప్రతి మూడో అంకెకి చప్పట్లు కొట్టించండి. 12 దగ్గర చేయి ఎత్తి ఆపేయండి. "ఎన్నిసార్లు కొట్టాం?" అని అడగండి. కొందరు నాలుగంటారు, కొందరు పన్నెండంటారు. ఎవరు కరెక్టో అప్పుడే చెప్పకండి, కాసేపు వాదించుకోనివ్వండి. మళ్లీ మొదటి నుంచి ఆడిస్తూ, చప్పట్లు కొట్టిన ప్రతిసారీ బోర్డు మీద ఒక 3 వేయండి. 3+3+3+3 అవుతుంది. దాని కింద 4×3 రాయండి. పాఠం మొదలైపోయినట్టే, "ఇక పాఠంలోకి వెళ్దాం" అని అనక్కర్లేదు.

తెలుగు పీరియడ్‌లో అయితే పొడుపు కథ వేసి విప్పకుండా ఉంచండి. జవాబు ఆ రోజు పాఠంలో దొరికేదై ఉండాలి.

సమస్య: పుస్తకాలు తీసేసరికే ఐదు నిమిషాలు పోతాయి.

తేదీ, పాఠం పేరు రాయడానికి టీచర్ బోర్డు వైపు తిరిగారా, ఆ ఖాళీలోనే కబుర్లు మొదలవుతాయి. అవన్నీ ముందే రాసి పెట్టుకోండి. ఆటకి ముందే పుస్తకాలు బయట పెట్టించండి. మొదటి ప్రశ్నకి జవాబు నోటితో చెప్పిస్తే చాలు, పెన్సిల్ వెతుకులాట ఉండదు.

సమస్య: నలుగురైదుగురు మూతి ముడుచుకుని కూర్చుంటారు.

ఓడినవాళ్లని "ఔట్" చేసే ఆట ఆడించారేమో చూడండి. చాలాసార్లు చదువులో వెనకబడ్డ పిల్లలే ముందు ఔటవుతారు, ఆ చిన్నబోయిన మనసుతోనే పాఠం వింటారు. పాఠానికి ముందు అలాంటి ఆటలు వద్దే వద్దు. అందరూ చివరిదాకా ఉండేవే ఆడించండి.

సమస్య: పీరియడ్‌లో సగం ఆటకే సరిపోతుంది.

45 నిమిషాల పీరియడ్‌కి 5 నిమిషాల ఆట చాలు. గేమ్స్ పీరియడ్ తర్వాత క్లాసైతే గెంతులాటలు వద్దు. కళ్లు మూసుకుని చుట్టూ వినపడే చప్పుళ్లు గుర్తుపట్టమనండి. రెండు తరగతులు ఒకే గదిలో ఉంటే ఆట కలిపే ఆడించండి, కానీ ఆ తర్వాత మీరు పాఠం చెప్పని తరగతి చేయాల్సిన పని అప్పటికే బోర్డు మీద ఉండాలి.