టూ స్ట్రోక్ డర్ట్ బైక్ మొరాయిస్తే ఏం చూడాలి? కొత్తగా కొన్నోళ్లకి సమస్య - పరిష్కారం

సెకండ్ హ్యాండ్ కవాసాకి కేఎక్స్ 100 కొన్నోళ్లు, యమహా ఆర్ఎక్స్ 135 ఇంజన్ పెట్టి ట్రయల్ బండి కట్టించుకున్నోళ్లు, ఎవరైనా సరే ముందు అడిగేది ఒకటే, అన్నా బండి సరిగ్గా లేస్తలేదు, కార్బ్ (కార్బ్యురేటర్, గాలీ పెట్రోలూ కలిపే భాగం) ట్యూన్ చేయించాల్నా అని. కార్బ్ స్క్రూ ఇప్పుడే ముట్టుకోకండి. పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోసే టూ స్ట్రోక్‌లో పిస్టన్‌కి ఆయిల్ వేరే దారిలో రాదు, పెట్రోల్‌తో కలిసే వస్తది, అంటే లోపలికి పెట్రోల్ తక్కువ పోయినా, ఎక్కడినుంచైనా గాలి ఎక్కువ దూరినా ఆయిల్ కూడా తగ్గిపోయినట్టే, బండి ఆగిపోవుడు కాదు ఏకంగా సీజ్ అయితది, అంటే పిస్టన్ సిలిండర్‌లో పట్టేస్తది. అందుకే ఏ సమస్య వచ్చినా ముందు గాలి, తర్వాత పెట్రోల్, తర్వాత కరెంటు చూడాలి, కార్బ్ సెట్టింగ్ జోలికి అన్నిటికంటే చివర పోవాలి.

ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్ట్ అయితలేదు

స్పార్క్ ప్లగ్ ఇప్పండి. తడిగా ఉంటే పెట్రోల్ వస్తున్నట్టు, పొడిగా ఉంటే రానట్టు, సగం జవాబు అక్కడే దొరుకుతది.

పొడిగా ఉంటే ట్యాప్ ఆన్‌లో ఉందా, ట్యాంక్ మూత మీద గాలి పైపు మట్టితో మూసుకుపోయిందా చూడండి. బండి పది నిమిషాలు బాగా తిరిగి ఆగిపోయి, మూత తీయంగనే సుయ్ మని గాలి లాగిందంటే ఆ పైపే కారణం, ఊది శుభ్రం చేస్తే చాలు. అదీ బానే ఉంటే కార్బ్‌లో పైలట్ జెట్ (ఐడిలింగ్‌కి పెట్రోల్ వదిలే సన్న రంధ్రం ముక్క) మూసుకుపోయి ఉంటది, వానాకాలం మొత్తం మూలకి పడేసి దసరాకి బయటికి తీసిన బండ్లలో ఎక్కువగా ఇదే. జెట్ ఇప్పి కార్బ్ క్లీనర్ కొట్టి వెలుతురుకి పెట్టి చూస్తే సన్న రంధ్రం గుండ్రంగా కనపడాలి. స్టవ్ పిన్ను పెట్టి మాత్రం పొడవొద్దు, ఇత్తడి జెట్ కాబట్టి రంధ్రం పెద్దదైపోయి ఇంకో కొత్త సమస్య మొదలైతది.

తడిగా ఉంటే ఓవర్‌ఫ్లో అయ్యింది. ట్యాప్ బంద్ చేసి చోక్ తీసేసి, ప్లగ్ బయట ఉండంగనే ఫుల్ రేస్ పట్టి నాలుగైదు కిక్కులు కొట్టండి, లోపలి పెట్రోల్ బయటికి వచ్చేస్తది (కిల్ స్విచ్ ఆఫ్‌లో పెట్టి, మొహం దూరంగా పెట్టి, దగ్గర్లో ఎవరూ సిగరెట్ కాల్చకుండా చూసుకొని). ప్లగ్ తుడిచి, కుదిరితే కొత్తది పెట్టి మళ్లీ కొట్టండి. కొత్త ప్లగ్‌కి కూడా స్పార్క్ రాకపోతే ముందు కిల్ స్విచ్ వైర్ ఊడదీసి చూడండి, కిందపడ్డ బండ్లకి హ్యాండిల్ దగ్గర ఆ వైర్ నలిగి షార్ట్ అవుడు చాలా మామూలు, ఎవరైనా సీడీఐ (స్పార్క్ టైమింగ్ చూసే కరెంటు డబ్బా) పోయింది అంటే కొనే ముందు ఈ ఒక్కటీ చేసి చూడండి.

రేస్ వదిలినా ఇంజన్ స్పీడ్ వెంటనే దిగదు

మీరు ఈ వ్యాసంలో ఒక్క ముక్కే చదువుతామంటే ఇదే చదవండి, ఇంజన్లు చచ్చేది ఎక్కువగా దీనివల్లే. యాక్సిలరేటర్ వదిలేశాక కూడా ఇంజన్ ఒక రెండు మూడు సెకన్లు గీ గీ అని పైనే ఉండి మెల్లగా దిగుతుంటే, లేదా ఒకసారి తక్కువ ఒకసారి ఎక్కువ ఆడుతుంటే, ఎక్కడో గాలి లీక్ అవుతున్నట్టు. చాలామంది ఐడిలింగ్ స్క్రూ తగ్గించి ఊరుకుంటరు, చప్పుడు తగ్గుతది గానీ లీక్ అక్కడే ఉంటది.

చూసే చోట్లు మూడు. ఒకటి, కార్బ్‌కి సిలిండర్‌కి మధ్య రబ్బర్ మానిఫోల్డ్, మన ఎండలకి పగుళ్లు వచ్చేస్తయ్. రెండు, సిలిండర్ కింద గాస్కెట్. మూడు, కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ వెనకాల క్రాంక్ షాఫ్ట్ చుట్టూ ఉండే ఆయిల్ సీల్. ఇంజన్ ఇంకా చల్లగా ఉండంగనే స్టార్ట్ చేసి, ఐడిలింగ్‌లో పెట్టి రబ్బర్ చుట్టూ కార్బ్ క్లీనర్ కొంచెం కొంచెం కొట్టండి, స్పీడ్ మారితే అక్కడే లీకు (ఇది మంట అంటుకునే సరుకు, వేడి సైలెన్సర్ మీద పడనీయొద్దు). రబ్బర్ దగ్గర ఏం మారకపోతే మ్యాగ్నెట్ కవర్ ఇప్పండి, లోపల నల్లగా జిడ్డు తడి ఉంటే సీల్ పోయింది. సీల్ ఖరీదు చాలా తక్కువ, సీజ్ అయితే పడే ఖర్చు ఎంతో మీకే తెలుస్తది. ఇది సరి చేసేదాకా బండి నడపకండి, ఇంటి ముందు ఒక్క రౌండ్ అని కూడా వద్దు.

పికప్ పోయింది, ముందంత గుంజుతలేదు

ఎయిర్ ఫిల్టర్. మన హైదరాబాద్ దగ్గర శంకర్‌పల్లి వైపైనా ఘట్‌కేసర్ వైపైనా ఎర్రమట్టి, మొరం, ఎండాకాలంలో ముందు బండి వెనకాల పోతే ఆ దుమ్ము పిండి లాగా సన్నగా లేస్తది. ఫోమ్ ఫిల్టర్ పొడిగా ఉంటే ఆ దుమ్మును ఆపలేదు, ఫిల్టర్ ఆయిల్ జిగురే దాన్ని పట్టుకునేది. ప్రతి రైడ్ తర్వాత ఫిల్టర్ తీసి, తెల్ల గుడ్డ వేలికి చుట్టి కార్బ్ వైపు రబ్బర్ లోపల తుడిచి చూడండి. గుడ్డకి ఎర్రగా అంటిందంటే దుమ్ము ఫిల్టర్ దాటి ఇంజన్‌లోకి పోతుంది, రింగులు సానబట్టినట్టు అరుగుతయ్. ఫోమ్‌ని పెట్రోల్‌తో కడగొద్దు, జాయింట్లు వదిలేస్తయ్. ఫిల్టర్ క్లీనర్ గానీ, కిరోసిన్‌తో జిడ్డు తీసి సబ్బు నీళ్లతో గానీ కడిగి, పిండేటప్పుడు బట్టలు తిప్పినట్టు తిప్పకుండా అరచేతుల మధ్య నొక్కి, నీడకి బాగా ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ అంతా సమానంగా పట్టించండి, అంచుకి కొంచెం గ్రీజ్ రాసి బిగించండి.

ఫిల్టర్ బానే ఉండి కూడా గుంజకపోతే కిక్ కొట్టేటప్పుడు కాలికి బరువు తగ్గిందా గమనించండి. తగ్గితే రింగులు, పిస్టన్ మార్చే టైం వచ్చింది. పోటీల్లో నడిపే మోటోక్రాస్ బండ్లకి ఈ పని గంటల లెక్కన చేస్తరు, వీకెండ్ తిరిగేవాళ్లకి ఇంకా చాలా ఎక్కువ కాలం వస్తది, కానీ లెక్క రాసుకోవాలంటే ఒక చిన్న అవర్ మీటర్ పెట్టుకోండి, కిలోమీటర్లు చూస్తే ఏం తెల్వదు. తక్కువ స్పీడ్‌లో బాగుండి ఎక్కువ స్పీడ్‌లో మాత్రం ఊపిరి ఆడకపోతే పవర్ వాల్వ్ (ఇంజన్ స్పీడ్ బట్టి పొగ పోయే దారిని పెంచేది) కార్బన్‌తో బిగుసుకుపోయి ఉండొచ్చు. స్టార్టింగ్ కష్టంగా ఉండి, కార్బ్‌లోంచి పెట్రోల్ వెనక్కి చిమ్ముతుంటే రీడ్ వాల్వ్ (లోపలికి పోయిన మిక్చర్ వెనక్కి రాకుండా ఆపేది) రేకులు చూడండి, మూల విరిగినా, మూసుకున్నప్పుడు వెలుతురు కనపడినా మార్చాలి.

సైలెన్సర్ నుంచి నల్లగా ఆయిల్ కారుతుంది, ప్లగ్ ఊరికే నల్లబడుతుంది

ఇది చూడంగనే ఆయిల్ ఎక్కువైంది అని తగ్గించేస్తరు. దయచేసి ఆ పని చెయ్యకండి. ఆయిల్ తగ్గించి కలిపితే అదే జెట్ గుండా పెట్రోల్ ఇంకొంచెం ఎక్కువ పోతది, మిక్చర్ ఇంకా రిచ్ (గాలికి తగ్గదానికంటే పెట్రోల్ ఎక్కువ) అయితది, పైగా పిస్టన్‌కి తడి తగ్గుతది. కారుడుకి అసలు కారణం జెట్టింగ్ (కార్బ్ జెట్లు, నీడిల్ సెట్టింగ్) రిచ్‌గా ఉండుడు, లేదా బండిని ఎప్పుడూ మెల్లగా నడుపుడు. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంటది, మే నెలలో ఎండ 40 దాటితే గాలి పల్చబడతది, చల్లటి ఊరికి సెట్ చేసిన బండి ఇక్కడ మధ్యాహ్నం పూట రిచ్‌గానే నడుస్తది. ఫిల్టర్ శుభ్రంగా ఉందని ఖాయం చేసుకున్నాక కార్బ్ లోపల నీడిల్ (పెట్రోల్ దారిలో పైకీ కిందికీ కదిలే సూది) క్లిప్ ఒక గాడి పైకి మార్చండి, అంటే నీడిల్ కిందికి దిగుతది, మధ్య రేస్‌లో పెట్రోల్ తగ్గుతది.

కానీ దీనికి ఇంకో వైపు ఉంది. మేలో సరిచేసిన సెట్టింగ్‌తోనే డిసెంబర్ తెల్లారుజామున వికారాబాద్ పోతే గాలి చల్లగా చిక్కగా ఉంటది, అదే బండి అక్కడ లీన్ (గాలికి తగ్గ పెట్రోల్ లేకుండా) అయితది. చలికాలం మొదలవంగనే క్లిప్ మళ్లీ ఒక గాడి కిందికి వేసుకోండి.

ఎయిర్ స్క్రూ (ఐడిలింగ్‌లో కార్బ్‌కి పోయే గాలిని సెట్ చేసేది) సంగతి: ఇంజన్ వేడెక్కాక మెల్లగా పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్టు వదిలి, అక్కడినుంచి అటూ ఇటూ తిప్పుతూ ఐడిలింగ్ ఎక్కడ ఎక్కువ వస్తే అక్కడ ఆపండి. ఒక చుట్టు లోపే బాగుందంటే పైలట్ జెట్ ఒక సైజ్ పెద్దది కావాలి, రెండున్నర చుట్లు దాటిందంటే చిన్నది.

మిక్సింగ్ లెక్క కూడా ఇక్కడే చెప్తా. 40:1 అంటే 40 వంతుల పెట్రోల్‌కి ఒక వంతు ఆయిల్, లీటర్‌కి 25 మిల్లీ, 5 లీటర్ల క్యాన్‌కి 125 మిల్లీ. 32:1 అయితే 5 లీటర్లకి 156. మీ బండి మాన్యువల్ ఏం చెప్తే అదే వెయ్యండి, మూత కొలత కాకుండా మెడికల్ షాపులో దొరికే పెద్ద సిరంజితో కొలవండి. ముందు సగం పెట్రోల్, దాంట్లో ఆయిల్, బాగా ఊపి, మిగతా పెట్రోల్. డబ్బా మీద జాసో ఎఫ్‌డీ (టూ స్ట్రోక్ ఆయిల్ నాణ్యత గుర్తు) అని ఉందా చూసుకోండి, మోటుల్ కంపెనీ ఆయిల్‌లో 710 టూ స్ట్రోక్‌కి, 7100 ఫోర్ స్ట్రోక్‌కి, ఒక్క సున్నా తేడాతో షాపుల్లో తారుమారైతయ్. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ పెట్రోల్, తేమ గుంజుకుంటది, కాబట్టి కలిపింది నెలల తరబడి దాచొద్దు. బండి పక్కన పెడుతుంటే ట్యాప్ బంద్ చేసి కార్బ్ బౌల్ కింది స్క్రూ తీసి ఖాళీ చెయ్యండి.

వేడెక్కి రేడియేటర్ పొంగింది

వాటర్ కూల్డ్ డర్ట్ బండ్లలో చాలావాటికి ఫ్యాన్ ఉండదు, ముందుకు కదిలితేనే చల్లబడతది. ఫోటోల కోసం ఐడిలింగ్‌లో నిలబెట్టకండి, రేడియేటర్ రేకుల్లో మట్టి సన్నటి నీళ్లతో కడగండి, మూత వేడి మీద ఇప్పకండి. ట్రాఫిక్‌లో టెస్ట్ రైడ్ అయితే అసలే వద్దు, రిజిస్ట్రేషన్ లేని బండి పబ్లిక్ రోడ్డు మీద 1988 మోటార్ వెహికల్స్ చట్టం సెక్షన్ 39 ప్రకారం నడపకూడదు, టాటా ఏస్‌లో ఎక్కించుకొని పోవుడే.

నడుస్తుండంగనే వెనక చక్రం పట్టేసింది

క్లచ్ గుంజండి, ఆలోచించకుండా గుంజండి. టూ స్ట్రోక్ నడిపేటోళ్లకి ఒక వేలు ఎప్పుడూ క్లచ్ మీదే ఉండాలి. ఆగాక వెంటనే కిక్ కొట్టొద్దు, చల్లబడనీయండి, ఇంటికి తెచ్చి ఎగ్జాస్ట్ పైపు ఇప్పి పోర్ట్‌లోంచి టార్చ్ వేసి పిస్టన్ చూడండి. నిలువు గీతలు కనపడితే హెడ్, సిలిండర్ ఇప్పాల్సిందే.

కారణాలు వెతకకుండా కొత్త పిస్టన్ వేస్తే అదీ పోతది. చల్ల ఇంజన్‌ని వెంటనే ఫుల్ రేస్ ఇస్తే పిస్టన్ ముందు వేడెక్కి ఉబ్బుతది, సిలిండర్ ఇంకా చల్లగానే ఉంటది, నాలుగు వైపులా గీతలు పడతయ్. అందుకే రేడియేటర్ చేతికి వెచ్చగా తగిలేదాకా మెల్లగా తిప్పాలి. ఇంకోటి దిగుడు. అనంతగిరి లాంటి ఘాట్‌లలో రేస్ పూర్తిగా వదిలేసి గేర్ మీదే కిందికి దిగుతరు, చక్రాలు ఇంజన్‌ని స్పీడ్‌గా తిప్పుతుంటయ్ కానీ రేస్ లేదు కాబట్టి పెట్రోల్ చాలా తక్కువ, పెట్రోల్ తక్కువ కాబట్టి ఆయిల్ కూడా తక్కువ. క్లచ్ పట్టి, మధ్యమధ్యలో ఒక చిన్న రేస్ ఇస్తూ దిగండి.

సిలిండర్ విషయంలో ఒక హెచ్చరిక. ఆర్ఎక్స్ 100, 135లో ఇనుప లైనర్, బోర్ కొట్టించి (లోపలి రంధ్రం కొంచెం పెద్దది చేయించి) ఓవర్‌సైజ్ పిస్టన్ వేయొచ్చు, ఏ లేత్ వాళ్లైనా చేస్తరు. కేఎక్స్, యమహా వైజెడ్, కేటీఎం బండ్లలో చాలావాటికి సిలిండర్ లోపల నికసిల్ లాంటి గట్టి పూత ఉంటది, మామూలు బోర్ కొడితే ఆ పూత పోతది, సిలిండర్ చేజారినట్టే. మెకానిక్ బోర్ అనంగనే, ఇది ప్లేటెడ్ సిలిండర్ అన్నా, ముట్టుకోవద్దు అని చెప్పండి. రీప్లేటింగ్ చేసేవాళ్ల దగ్గరికి పంపండి లేదా కొత్త సిలిండర్ చూసుకోండి.

తెల్ల పొగ ఆగట్లేదు

స్టార్ట్ చేసిన రెండు నిమిషాలు పొగ మామూలే. వేడెక్కినాక కూడా ఆగకుండా వస్తుంటే వాసన చూడండి. తియ్యగా వాసన వచ్చి కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ లేదా ఓ రింగ్. కాలిన ఆయిల్ వాసన వచ్చి, గేర్‌బాక్స్ ఆయిల్ తగ్గుతుంటే క్లచ్ వైపు క్రాంక్ సీల్ పోయి ఇంజన్ గేర్ ఆయిల్ తాగుతుంది. అది మార్చేటప్పుడే మ్యాగ్నెట్ వైపు సీల్ కూడా మార్చేయండి, ఎట్లాగూ రెండూ ఒకే వయసువి. స్పేర్ పార్ట్స్ కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్తే పాత సీల్ చేతిలో పట్టుకెళ్లండి, దాని మీద లోపలి కొలత, బయటి కొలత, మందం అచ్చువేసి ఉంటయ్, ఆ మూడు అంకెలు కలిస్తేనే కొనండి.