సెల్ఫ్ కొట్టే ముందు కాసేపు ఆగండి

అక్టోబరు, నవంబరు తుపాన్లు దాటాక విశాఖ ఆటోనగర్ షెడ్డులో కవర్ తీసి, ఇంట్లో కట్టుకున్న విమానానికి పెట్టిన రోటరీ ఇంజిన్ (పిస్టన్ల బదులు మూడు మూలల రోటర్ తిరిగేది) స్టార్ట్ చేయాలని చేతులు దురద పెడతాయి. ఎగరడం తర్వాతి మాట. దానికి డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) అనుమతి కావాలి, పైగా ఇక్కడి రన్‌వే నేవీది. ముందు నేల మీద క్షేమంగా తిరగనివ్వండి.

మన ఉప్పుగాలికి కనెక్టర్ల పిన్నులు పచ్చగా చిలుము పడతాయి. మాగ్నెటో, అంటే స్పార్క్‌కి కరెంటు తనే పుట్టించుకునే పరికరం, ఉన్న పాత ఇంజిన్‌కి బ్యాటరీ చచ్చినా స్పార్క్ ఆగదు. మనం వాడే మజ్దా 13బీ అనే కారు రోటరీ ఇంజిన్‌కి పెట్రోల్ పంపు, ఇంజెక్టర్లు, ఇగ్నిషన్ అన్నీ కరెంటు మీదే. అందుకే ఎర్త్ వైర్లతో సహా ప్రతి కనెక్టరూ విప్పి చూడండి.

వానాకాలం ముందు పోసిన పెట్రోల్ ఉంటే తీసేయండి. బంకుల్లో ఇప్పుడు దొరికే ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్) తేమ పీలుస్తుంది, నీరు ఎక్కువైతే అడుగున వేరే పొరగా దిగుతుంది. గాజు సీసాలో పట్టి వెలుతురులో పెడితే తెలిసిపోతుంది. తర్వాత పంపు మాత్రం ఆన్ చేసి పైపులన్నీ తడమండి. సుమారు మూడు బార్ల ప్రెషర్ అది. క్లాంపు దగ్గర చెమ్మ తగిలితే ఆ రోజుకి పని ఆపేయడమే.

అసలు ప్రమాదం ఫ్లడింగ్, అంటే ఇంజిన్ లోపల పెట్రోల్ ఎక్కువై నిండిపోవడం. పోయినేడు నేను అదే చేశాను. స్టార్ట్ కాలేదన్న ఉక్రోషంతో ఆపకుండా సెల్ఫ్ కొట్టాను. మొదట దబ్ దబ్ దబ్ అని వినిపించింది, కాసేపటికి ఆ దెబ్బలు పోయి టేబుల్ ఫ్యానులా గిర్రున తిరిగింది. పెట్రోల్ అపెక్స్ సీళ్ల (రోటర్ మూలల్లో ఉండే సీళ్ల) మీది ఆయిల్ పొరను కడిగేసిందన్నమాట, ఇక కంప్రెషన్ ఎక్కడిది? ఆ చప్పుడు మారగానే చెయ్యి తీసేయండి. ఇంజెక్టర్ల, ఇగ్నిషన్ కరెంటు కట్ చేసి, ప్లగ్గులు విప్పి, కాసేపు తిప్పితే పెట్రోల్ బయటికి చిమ్ముతుంది. అప్పుడు దగ్గర నిప్పూ ఉండకూడదు, మనుషులూ ఉండకూడదు. ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి, చేత్తో తిప్పి, ఆరిన ప్లగ్గులు బిగించండి. పోయిన కంప్రెషన్ తిరిగి వస్తుంది.

ఆ సీళ్లకి ఆయిల్ అందించే మీటరింగ్ పంపు తీసేసిన ఇంజిన్ అయితే పెట్రోల్‌లో టూస్ట్రోక్ ఆయిల్ కలపడం మరవకండి. చాలామంది లీటరుకి ఆరేడు మిల్లీలీటర్లు కలుపుతారు.

ట్యూనింగ్‌లో నాది పిరికి పద్ధతే. లోడు మీద మిక్స్చర్ రిచ్‌గానే (గాలిలో పెట్రోల్ కాస్త ఎక్కువగా) ఉంచి, ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కే (స్పార్క్ కాస్త ఆలస్యంగా) పెట్టి మొదలుపెడతాను. డిటొనేషన్ (పెట్రోల్ సాఫీగా మండకుండా ఒక్కసారిగా పేలడం) వచ్చిందంటే అపెక్స్ సీలు ముక్కలే. మిక్స్చరూ టైమింగూ ఒకేసారి కదపకండి, ఏది ఏం చేసిందో తెలీదు. లెడ్ కలిసిన విమాన పెట్రోల్ పోస్తే మిక్స్చర్ చూపించే సెన్సర్ పాడవుతుంది.

తోకను గుంజకి కట్టండి, చక్రాలకి అడ్డాలు పెట్టండి. ప్రొపెల్లర్‌కి ఎదురుగా, పక్కగా ఎవరినీ నిలబడనివ్వకండి. ఎగ్జాస్ట్ ఎర్రగా కాలుతుంది, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకున్న మనిషి ఫోన్‌లో వీడియో తీయకూడదు.