బిగుసుకున్న ఓక్ డెస్క్ సొరుగుకు చిత్రిక పట్టొద్దు

అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు దిగాయంటే చెన్నైలో పాత ఇంగ్లిష్ ఓక్ రైటింగ్ డెస్కుల సొరుగులు మొండికేస్తాయి. వడ్రంగిని పిలిస్తే ముందు చిత్రిక తీస్తాడు. పట్టనివ్వకండి. వానల్లో ఉబ్బిన చెక్కను ఇప్పుడు గీకేస్తే ఎండాకాలానికి సొరుగు వదులై లటలటలాడుతుంది, పోయిన చెక్క తిరిగి రాదు.

చెక్క నార వెంట దాదాపు పెరగదు, నారకు అడ్డంగా పెరుగుతుంది. సొరుగు పక్కచెక్కల్లో నార ముందు నుంచి వెనక్కి పోతుంది కాబట్టి పొడవు మారదు, ఎత్తు మారుతుంది. మంచి పనివాళ్లు అందుకే పక్కలకు క్వార్టర్ సాన్ ఓక్ వాడేవారు. చెట్టు వలయాలు పలక ముఖానికి నిటారుగా ఉండేలా కోసింది అన్నమాట. మామూలు కోతలో ఉబ్బేదానిలో ఇది సుమారు సగమే ఉబ్బుతుంది. వెలుతురులో ఏటవాలుగా పట్టి చూస్తే వెండి మెరుపు చారలు కనిపిస్తాయి. టేకులో ఇంత స్పష్టంగా ఉండవు. చెన్నై శివారు పల్లావరంలో జరిగే శుక్రవారం సంతలో ఓక్ అని ఏది చూపించినా ముందు ఈ చారలు వెతకండి.

సొరుగు ఊడదీసి, పక్కల పై అంచుకూ కింది అంచుకూ సుద్ద రుద్ది, లోపలికి తోసి లాగండి. సుద్ద చెరిగిన చోటే రాసుకుంటోంది. పై అంచు మీద చెరిగితే అది ఉబ్బే. ఫ్యాను గాలికి రెండు మూడు రోజులు ఆరనిచ్చి (ఎండలో పెడితే పలక చీలుతుంది), తేనెమైనమో కొవ్వొత్తో రుద్దండి. చాలాసార్లు ఇంతటితో సరిపోతుంది.

సొరుగు ముందుకు వాలి డెస్కు చట్రాన్ని గీరుతుంటే రోగం వేరు. ఏళ్ల తరబడి లాగీ తోసీ పక్కల కింది అంచూ, అది నడిచే రన్నరూ అరిగిపోయాయి. అరిగిన అంచును ఉలితో సమతలం చేసి, పోయినంత మందం ఓక్ పట్టీని నార అదే దిశలో ఉండేలా అతికించండి. దీనికి సరేసు (జంతువుల తోలు, ఎముకల నుంచి తీసే జిగురు) కావాలి. రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి, నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి 60 డిగ్రీల దగ్గర కరిగించాలి. మరిగితే పట్టు పోతుంది. ఫెవికాల్ గట్టిదే, కానీ రేపు ఎవరైనా విప్పబోతే డవ్‌టెయిల్ (సొరుగు మూలల్లో ఒకదానిలో ఒకటి ఇమిడే అతుకు) పళ్లు విరుగుతాయి. సరేసు వేడి తడిగుడ్డకు వదులుతుంది.

అడుగు పలకకు మాత్రం ఏ జిగురూ పెట్టొద్దు. అది పక్కల గాడుల్లో ఒదిగి, వెనక ఒకటి రెండు మేకులతో నిలుస్తుంది. కదిలే వీలు లేకుండా అతికిస్తే ఎండలకు నడిమికి చీలుతుంది. ఇప్పటికే చీలి ఉంటే పలకను బయటికి లాగి, చీలిక అంచులను ఒకదానికొకటి అతికి, ముందుకు తోసి, వెనక తగ్గిన మేర పట్టీ కలపండి.

స్క్రూలు ఇత్తడివే. ఓక్‌లో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ, ఇనుమూ తేమా తోడైతే నల్లమరక పడుతుంది. తడి పనికి స్టీల్ ఊల్ (సన్నని ఉక్కు పీచు) వద్దనేదీ ఇందుకే. అయితే ఇత్తడి మెత్తన, ఓక్ గట్టి. నేరుగా బిగిస్తే స్క్రూ మధ్యలో తెగుతుంది. ముందు రంధ్రం వేసి, అదే సైజు ఇనుప స్క్రూ ఒకసారి ఎక్కించి తీసేయండి. ఆ తర్వాతే మైనం రాసిన ఇత్తడిది.