రాగిరేకు బొమ్మల్లో దేవతలు – 4వ పాఠం: పాముల కర్ర

పోయిన పాఠంలో ఇచ్చిన ‘పారిస్ తీర్పు’ దగ్గర చాలామంది తడబడ్డారు. ముగ్గురు దేవతల్లో ఎవరు అందగత్తో ట్రాయ్ రాకుమారుడు పారిస్ తేల్చి, ఆమెకు ఆపిల్ ఇచ్చే కథ ఇది. ఇటలీ చిత్రకారుడు రఫాయెల్ గీసి ఇచ్చిన దాన్ని మార్కాంటోనియో రైమోండి రాగిరేకు మీద చెక్కి అచ్చేసిన బొమ్మ అది. అందులో మనకు వీపు పెట్టి, తల మీదుగా బట్ట లాక్కుంటున్న స్త్రీని అందాల దేవత వీనస్ అని రాశారు. ఎందుకంటే అందంగా ఉందట. అక్కడున్న ముగ్గురూ అందగత్తెలే, అందాన్ని బట్టి ఎలా తేలుస్తాం? కింద నేల మీద శిరస్త్రాణం, డాలు పడి ఉన్నాయి. అంటే ఆమె యుద్ధ దేవత మినర్వా. నెమలి దగ్గరున్నది దేవతల రాణి జూనో. ఆపిల్ అందుకుంటున్నది వీనస్, పక్కనే పిల్లవాడు ఆమె కొడుకు క్యూపిడ్. నేనైతే ఏ ప్రింట్ చూసినా ముఖాల జోలికి వెళ్లను, ముందు పాదాల చుట్టూ వెతుకుతాను.

వాహనాన్నీ ఆయుధాన్నీ చూసి దేవుణ్ణి పోల్చుకోవడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఆ అలవాటే ఒకచోట ముంచుతుంది. రెండు పాములు చుట్టుకున్న కర్ర దేవతల దూత మెర్క్యురీది, నిజమే. కానీ వెనిస్ నుంచి 1500లో జర్మనీ వెళ్లిన చిత్రకారుడు జాకోపో డి బార్బరీ ఆ కర్రనే తన సంతకంగా వాడుకున్నాడు. జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ తన సంతకంగా ‘ఏ’ అక్షరం కాళ్ల మధ్య ‘డి’ పెట్టినట్టే ఇదీ. అది చూసి లేని మెర్క్యురీని కథలోకి లాక్కొస్తే బొమ్మ అర్థమే మారిపోతుంది. బార్బరీ బొమ్మల్లో ఈ కర్ర కనబడగానే ఒక్కటే అడగండి: ఎవరి చేతిలో ఉంది? ఎవరి చేతిలోనూ లేకుండా ఓ మూల విడిగా ఉంటే అది కథలోది కాదు, చెక్కినవాడిది. దయచేసి ఇది మర్చిపోవద్దు.

బార్బరీ ‘అపోలో, డయానా’నే తీసుకోండి. నక్షత్రాల గోళం మీద సూర్య దేవుడు అపోలో విల్లు ఎక్కుపెట్టి నిలబడ్డాడు. చంద్ర దేవత డయానా గోళం వెనక్కి దిగిపోతోంది. సూర్యుడొస్తే చంద్రుడు అస్తమించినట్టు. ఇదే జంటను డ్యూరర్ చెక్కినప్పుడు ఆకాశం ఊసే లేదు. డయానా అపోలో కాళ్ల దగ్గర కూర్చుని జింకను నిమురుతోంది. నాకు ఆ జింకే ఇష్టం.

అభ్యాసం: ఇటలీ చిత్రకారుడు మాంటెన్యా ‘సముద్ర దేవతల యుద్ధం’ రెండు రేకుల బొమ్మ. ఎవరి చేతిలో ఏముందో మొత్తం రాయండి, చేపలతో సహా. ముసలమ్మ దగ్గరున్న పలక మీది అక్షరాలు చివరిదాకా చదవొద్దు, ఆమె ఎవరో అవే చెప్పేస్తాయి. తర్వాత, కుడి సగానికి డ్యూరర్ 1494లో కలంతో వేసిన నకలు పక్కన పెట్టుకుని, గీతల్లో ఎక్కడెక్కడ తేడా ఉందో కనీసం పది చోట్ల పట్టుకోండి.